కోర్సుల ఉమ్మడి లెక్కింపు

కోర్సుల ఉమ్మడి లెక్కింపు అనగా కళాశాలలో లేదా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి ఒకసారి చదివి ఉత్తీర్ణుడైన కోర్సును ఒకటి కంటె ఎక్కువ ఆవశ్యకతలకు సరిపోయినట్లుగా పరిగణించడం. వాడుకలో దీనిని డబుల్ కౌంటింగ్ అంటారు. రెండు మేజర్లు, లేదా ఒక మేజర్‌తో పాటు ఒకటి రెండు మైనర్లు చదివే విద్యార్థుల విషయంలో ఈ ప్రశ్న ప్రధానంగా ఎదురవుతుంది. ఉదాహరణకు గణితం, ఆర్థికశాస్త్రం రెండింటినీ మేజర్లుగా ఎంచుకున్న విద్యార్థి కలన గణితం కోర్సును ఒక్కసారే చదువుతాడు. కాని ఆ కోర్సు రెండు మేజర్ల పట్టికలలోనూ ఉంటుంది. దానిని రెండు చోట్లా లెక్కించవచ్చునా, ఒకచోటనే లెక్కించి రెండవచోట వేరొక కోర్సు చదవాలా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల నియమాలను బట్టి ఉంటుంది.

ఈ పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉన్నత విద్యా విధానంలో పుట్టి పెరిగినది. భారతదేశంలో క్రెడిట్ల పద్ధతి, మేజర్-మైనర్ పద్ధతి విస్తరించిన తరువాత ఇక్కడి విద్యార్థులకు కూడా ఇది అవసరమైన విషయమైనది. నాలుగు సంవత్సరాలలో చదువు పూర్తి అవుతుందా లేక మరొక సెమిస్టరు ఫీజు కట్టవలసి వస్తుందా అన్నది చాలాసార్లు ఈ ఒక్క నియమంపై ఆధారపడి ఉంటుంది.

ముఖ్యమైన పదాలు

• క్రెడిట్: కోర్సు పరిమాణాన్ని కొలిచే ప్రమాణం. సెమిస్టరు పద్ధతిలో సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు కలిపి ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. అమెరికాలో బాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టరు క్రెడిట్లు కావాలి. క్వార్టర్ పద్ధతి అనుసరించే విశ్వవిద్యాలయాలలో ఇది 180 క్వార్టర్ క్రెడిట్లకు సమానం.
• మేజర్: విద్యార్థి లోతుగా చదివే ప్రధాన విషయం. హార్వర్డ్, బ్రౌన్ వంటి విశ్వవిద్యాలయాలలో దీనిని కాన్సన్‌ట్రేషన్ అంటారు.
• మైనర్: మేజర్ కంటె తక్కువ కోర్సులతో పూర్తయ్యే ఉప విషయం.
• సామాన్య విద్య: మేజర్‌తో సంబంధం లేకుండా విద్యార్థులందరూ చదవవలసిన భాష, గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, కళలు మొదలైన కోర్సుల సముదాయం.
• ఐచ్ఛిక కోర్సు: ఏ ఆవశ్యకతకూ చెందకుండా విద్యార్థి తన ఇష్టం కొద్దీ చదివే కోర్సు. దీని క్రెడిట్లు డిగ్రీ మొత్తంలో కలుస్తాయి.
• ముందస్తు కోర్సు: పై కోర్సులో చేరటానికి ముందుగా పూర్తి చేసి ఉండవలసిన కోర్సు.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దం మధ్య వరకు అమెరికా కళాశాలలలో విద్యార్థులందరూ దాదాపు ఒకే పాఠ్యక్రమాన్ని చదివేవారు. గ్రీకు, లాటిన్, గణితం, నీతిశాస్త్రం అందులో ముఖ్యమైనవి. అందరికీ అవే కోర్సులు గనుక ఏ కోర్సును దేని కింద లెక్కించాలన్న ప్రశ్నకు అప్పుడు తావు లేదు.

1869 నుండి 1909 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ విలియం ఎలియట్ ఐచ్ఛిక విధానాన్ని విస్తరింపజేశాడు. దీని వలన విద్యార్థులు తమకు నచ్చిన కోర్సులను ఎంచుకొనే వీలు కలిగినది. అయితే ఏ విషయాన్నీ లోతుగా చదవకుండా సులభమైన కోర్సులతోనే డిగ్రీ పూర్తి చేస్తున్నారన్న విమర్శ కూడా వచ్చినది. మేజర్, మైనర్ అన్న మాటలు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1877-78 నాటి పాఠ్యక్రమ పుస్తకంలో కనిపిస్తాయి. 1909లో ఎలియట్ తరువాత హార్వర్డ్ అధ్యక్షుడైన ఎ. లారెన్స్ లోవెల్, విద్యార్థి ఒక విషయంలో కొన్ని కోర్సులు తప్పనిసరిగా చదవాలని, మిగిలిన కోర్సులను వేర్వేరు రంగాల నుండి తీసుకోవాలని నియమం తెచ్చాడు. ఒకవైపు లోతు, మరొకవైపు విస్తృతి అన్న ఈ ఏర్పాటు క్రమంగా ఇతర కళాశాలలకు వ్యాపించినది.

క్రెడిట్ లెక్కకు మూలం వేరు. 1905లో ఆండ్రూ కార్నెగీ కళాశాల అధ్యాపకుల పింఛను కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ నిధిని నిర్వహించిన కార్నెగీ ఫౌండేషన్, ఏది నిజమైన కళాశాలో తేల్చటానికి పాఠశాల చదువును గంటలలో కొలిచే ప్రమాణాన్ని ప్రోత్సహించినది. కార్నెగీ యూనిట్ అని పేరుపడిన ఈ కొలత నుండే కళాశాలల క్రెడిట్ గంట స్థిరపడినది. 2010లో అమెరికా విద్యాశాఖ తన ఆర్థిక సహాయ నిబంధనల కోసం క్రెడిట్ గంటకు అధికారికంగా నిర్వచనం ఇచ్చినది.

ఒకవైపు మేజర్ అన్న ఆవశ్యకతల పట్టిక, మరొకవైపు క్రెడిట్ అన్న కొలత ఏర్పడిన తరువాత, ఒకే కోర్సు రెండు పట్టికలలో ఉంటే ఏమి చేయాలన్న ప్రశ్న సహజంగానే తలెత్తినది.

లెక్కించే విధానం

ఉమ్మడి లెక్కింపులో తరచుగా కలిగే పొరపాటు, ఆవశ్యకతను క్రెడిట్‌ను ఒకటిగా భావించటం. నిజానికి ఇవి రెండు వేర్వేరు లెక్కలు. 4 క్రెడిట్ల కోర్సు రెండు మేజర్లలోనూ చెల్లినంత మాత్రాన విద్యార్థికి 8 క్రెడిట్లు రావు. ఆ కోర్సు రెండు ఆవశ్యకతలను తీరుస్తుంది, కాని డిగ్రీ మొత్తంలో 4 క్రెడిట్లుగానే చేరుతుంది. అంటే ఉమ్మడి లెక్కింపు విద్యార్థి చదవవలసిన మొత్తాన్ని డిగ్రీకి నిర్ణయించిన కనీస క్రెడిట్ల కంటె తగ్గించదు. ఆ మొత్తంలో ఎంత భాగం తప్పనిసరి కోర్సులకు పోతుంది, ఎంత భాగం స్వేచ్ఛగా మిగులుతుంది అన్నదానినే మారుస్తుంది.

ఈ కింది ఊహాత్మక ఉదాహరణతో దీనిని గమనించవచ్చు. ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. ఆర్థికశాస్త్రం మేజర్‌కు 40, గణితం మేజర్‌కు 44, సామాన్య విద్యకు 48 క్రెడిట్లు అవసరం. వీటి మొత్తం 132.

• ఉమ్మడి లెక్కింపు బొత్తిగా లేకపోతే విద్యార్థి 132 క్రెడిట్లు చదవాలి. సెమిస్టరుకు 15 క్రెడిట్ల చొప్పున 8 సెమిస్టర్లలో 120 మాత్రమే పూర్తవుతాయి. మిగిలిన 12 క్రెడిట్లకు తొమ్మిదవ సెమిస్టరు లేదా వేసవి తరగతులు కావాలి.
• కలన గణితం రెండు కోర్సులు (8 క్రెడిట్లు), ప్రాబబిలిటీ ఒక కోర్సు (4 క్రెడిట్లు) రెండు మేజర్లకూ చెల్లుతాయనుకుంటే 12 క్రెడిట్లు తగ్గి మొత్తం 120 అవుతుంది. చదువు నాలుగు సంవత్సరాలలో పూర్తవుతుంది, కాని ఐచ్ఛిక కోర్సులకు చోటు ఉండదు.
• రెండు మేజర్ల మధ్య ఒక్క కోర్సుకే అనుమతి ఉంటే 4 క్రెడిట్లు తగ్గి మొత్తం 128 అవుతుంది. అదనంగా 8 క్రెడిట్లు చదవవలసి ఉంటుంది.
• పై 12 క్రెడిట్లతో పాటు, మొదటి కలన గణితం కోర్సు (4 క్రెడిట్లు), ఆర్థికశాస్త్రం ప్రవేశ కోర్సులు రెండు (6 క్రెడిట్లు) సామాన్య విద్యకు కూడా చెల్లితే మరొక 10 తగ్గుతాయి. అప్పుడు ఆవశ్యకతలన్నీ 110 క్రెడిట్లలో తీరిపోతాయి. అయినా డిగ్రీ 110కి ఇవ్వరు. మిగిలిన 10 క్రెడిట్లను ఐచ్ఛిక కోర్సులతో నింపవలసిందే.

చివరి సందర్భంలో మొదటి కలన గణితం కోర్సు రెండు మేజర్లకు, సామాన్య విద్యకు కలిపి మూడు చోట్ల చెల్లినది. కొన్ని విశ్వవిద్యాలయాలు రెండు చోట్ల లెక్కించటానికి ఒప్పుకుంటాయి గాని మూడు చోట్ల లెక్కించటానికి ఒప్పుకోవు.

నియమాలలో రకాలు

విశ్వవిద్యాలయాలు అనుసరించే నియమాలు ప్రధానంగా ఈ కింది రకాలుగా ఉంటాయి. చాలాచోట్ల ఒకటి కంటె ఎక్కువ రకాలు కలిసి ఉంటాయి.

• సంఖ్యా పరిమితి: రెండు మేజర్ల మధ్య ఇన్ని కోర్సులకు లేదా ఇన్ని క్రెడిట్లకు మించి ఉమ్మడిగా ఉండరాదని నిర్ణయించటం.
• ప్రత్యేక క్రెడిట్ల నియమం: ఉమ్మడి కోర్సులు ఎన్ని ఉన్నా, ప్రతి మేజర్‌లోను లేదా మైనర్‌లోను ఆ విషయానికి మాత్రమే చెందిన కోర్సులు కనీసం ఇన్ని ఉండాలని చెప్పటం.
• స్థాయిని బట్టి నియమం: మొదటి రెండు సంవత్సరాల ప్రవేశ కోర్సులకు పరిమితి లేకుండా, పై స్థాయి కోర్సులకు మాత్రమే పరిమితి పెట్టటం. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంజనీరింగు విద్యార్థులందరికీ గణితం పునాది కోర్సులు ఒకటే కావటం దీనికి కారణం.
• శాఖకు వదిలివేయటం: విశ్వవిద్యాలయం సాధారణ నియమం పెట్టక, ఆయా శాఖల నిర్ణయానికి వదలటం. ఇటువంటి చోట రెండు శాఖల నియమాలు వేరైతే సాధారణంగా కఠినమైన నియమాన్నే పాటిస్తారు.
• పూర్తి నిషేధం: మేజర్‌లో లెక్కించిన కోర్సును మైనర్‌లో లెక్కించక, దాని స్థానంలో వేరొక కోర్సు చదివించటం.

పరిమితి దాటిన సందర్భంలో విద్యార్థి ఒకసారి చదివిన కోర్సునే మళ్ళీ చదవడు. ఒక శాఖ ఆ కోర్సు ఆవశ్యకతను తీరినట్లుగా గుర్తిస్తుంది గాని దాని క్రెడిట్లను తన లెక్కలో కలుపుకోదు. ఆ లోటును అదే శాఖలోని మరొక కోర్సుతో పూరించమంటుంది. విషయ పరిజ్ఞానం వేరు, క్రెడిట్ల సంఖ్య వేరు అన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కొన్ని విశ్వవిద్యాలయాల నియమాలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలోని అక్షరశాస్త్రాల, విజ్ఞానశాస్త్రాల కళాశాలలో రెండు మేజర్ల మధ్య రెండు పై స్థాయి కోర్సులకు, మేజర్-మైనర్ల మధ్య ఒక పై స్థాయి కోర్సుకు మించి ఉమ్మడిగా లెక్కించరు. కింది స్థాయి కోర్సులకు ఈ పరిమితి వర్తించదు.

యేల్ విశ్వవిద్యాలయంలో రెండు మేజర్లు చదివేవారు వాటిని స్వతంత్రంగా పూర్తి చేయాలి. రెండింటి మధ్య ఉమ్మడిగా ఉండదగినవి రెండు కోర్సులు మాత్రమే. ముందస్తు కోర్సులను ఈ లెక్కలోకి తీసుకోరు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నియమం మరింత కఠినమైనది. రెండు మేజర్లకు ఒకే కోర్సును సాధారణంగా లెక్కించరు. ప్రారంభ కలన గణితం, విదేశీ భాష వంటి నైపుణ్యాన్నిచ్చే ప్రవేశ కోర్సులకు మినహాయింపు ఉన్నది. ఇక్కడ క్వార్టర్ పద్ధతి అమలులో ఉన్నది. ఒక బాచిలర్ డిగ్రీకి 180 యూనిట్లు, రెండు వేర్వేరు బాచిలర్ డిగ్రీలు కావాలంటే 225 యూనిట్లు పూర్తి చేయాలి.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రెండు మేజర్ల పద్ధతి లేదు. విద్యార్థి ఒకే ప్రధాన విషయాన్ని చదివి, దానికి తోడుగా ఉప విషయాన్ని ఎంచుకోవచ్చు. హార్వర్డ్‌లో చాలాకాలం రెండు విషయాలను ఒకే సిద్ధాంత వ్యాసంతో కలిపే సంయుక్త కాన్సన్‌ట్రేషన్ మాత్రమే ఉండేది. రెండు విషయాలను విడివిడిగా చదివే వీలును 2022లో అనుమతించారు.

ఒకే దేశంలో, ఒకే స్థాయి విశ్వవిద్యాలయాల మధ్య ఇంత తేడా ఉన్నందున, రెండు మేజర్లు అన్న మాట వినగానే విద్యార్థి ఎంత అదనంగా చదివాడో చెప్పలేము.

దగ్గరి సంబంధం గల పద్ధతులు

రెండు డిగ్రీలు: రెండు మేజర్లు చదివిన విద్యార్థికి సాధారణంగా ఒకే డిగ్రీ లభిస్తుంది, రెండు విషయాలు మార్కుల పత్రంలో నమోదవుతాయి. రెండు డిగ్రీల పద్ధతిలో రెండు పట్టాలు లభిస్తాయి. ఇందుకు ఒక డిగ్రీకి కావలసిన దాని కంటె అదనంగా కొన్ని క్రెడిట్లు పూర్తి చేయాలన్న నియమం సాధారణంగా ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లోని 45 అదనపు యూనిట్లు ఇటువంటివే.

రెండు సంకేతాలు గల కోర్సు: ఒకే తరగతిని రెండు శాఖలు తమ తమ సంకేత సంఖ్యలతో ప్రకటించటం. గణాంకశాస్త్ర శాఖ, గణిత శాఖ కలిసి నడిపే ప్రాబబిలిటీ కోర్సు ఇందుకు ఉదాహరణ. విద్యార్థి ఏదో ఒక సంకేతంతోనే నమోదు కావాలి. రెండు పేర్లున్నా అది ఒకే కోర్సు.

బాచిలర్, మాస్టర్ డిగ్రీల ఉమ్మడి కోర్సులు: కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు ఐదు సంవత్సరాలలో రెండు డిగ్రీలు పూర్తి చేసే ఏర్పాటులో కొన్ని మాస్టర్ స్థాయి కోర్సులను రెండు డిగ్రీలకూ లెక్కిస్తాయి. ఇది ముందుగా అనుమతి పొంది అదే విశ్వవిద్యాలయంలో కొనసాగేవారికి వర్తిస్తుంది. ఇతర సంస్థలలో బి.టెక్. పూర్తి చేసి అమెరికాలో ఎం.ఎస్.లో చేరే తెలుగు విద్యార్థులు బి.టెక్. డిగ్రీలో ఇదివరకే లెక్కింపబడిన కోర్సులను, అవి ఉన్నత స్థాయివి అయినా, ఎం.ఎస్. క్రెడిట్లుగా చూపటానికి సాధారణంగా వీలుపడదు.

సంయుక్త ఆనర్స్: బ్రిటన్‌లో విద్యార్థి మొదటినుండి రెండు విషయాలు కలిసిన కార్యక్రమంలోనే చేరతాడు. రెండు విషయాలకూ చోటు ముందే పంచి ఉంటుంది గనుక ఉమ్మడి లెక్కింపు ప్రశ్న అంతగా ఎదురుకాదు.

భారతదేశంలో

ఆంధ్ర, ఉస్మానియా మొదలైన తెలుగు ప్రాంతపు విశ్వవిద్యాలయాలలో సాధారణ డిగ్రీ చదువు చాలాకాలం మూడు విషయాల సముదాయంగా సాగినది. బి.ఎస్.సి.లో గణితం-భౌతికశాస్త్రం-రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం-జంతుశాస్త్రం-రసాయనశాస్త్రం, బి.ఏ.లో చరిత్ర-ఆర్థికశాస్త్రం-రాజనీతిశాస్త్రం ఇందులో ప్రసిద్ధమైనవి. మూడు విషయాలకూ వేర్వేరు పేపర్లు ఉండేవి. భాషలు అందరికీ ఉమ్మడి. ఏ పేపరు ఏ విషయానిదో ముందే నిర్ణయమై ఉండటం వలన ఒక పేపరును రెండు చోట్ల లెక్కించే అవసరం రాలేదు.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యు.జి.సి.) 2015లో ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతిని దేశవ్యాప్తంగా ప్రోత్సహించినది. 2020 జాతీయ విద్యావిధానం తరువాత, 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సుల పాఠ్యక్రమ, క్రెడిట్ చట్రాన్ని ప్రకటించినది. దీని ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ డిగ్రీకి 160 క్రెడిట్లు. మూడేళ్ళ డిగ్రీలో వీటి పంపకం ఇలా ఉన్నది:

• మేజర్: కనీసం 60
• మైనర్: కనీసం 24
• బహుళ విషయ కోర్సులు: 9
• భాషా సామర్థ్య కోర్సులు: 8
• నైపుణ్య కోర్సులు: 9
• విలువ జోడింపు కోర్సులు: 6 నుండి 8
• వేసవి ఇంటర్న్‌షిప్: 2 నుండి 4

రెండు మేజర్ల డిగ్రీ కావాలంటే రెండవ విషయంలో మొత్తం క్రెడిట్లలో కనీసం 40 శాతం సంపాదించాలని ఇదే చట్రం చెబుతుంది. మూడేళ్ళ డిగ్రీలో ఇది 48 క్రెడిట్లు. మొదటి మేజర్ 60, రెండవ మేజర్ 48 కలిపితే 108. మిగిలేవి 12 మాత్రమే. కాని పై పట్టికలో మేజర్, మైనర్లు పోను మిగిలిన ఉమ్మడి కోర్సులకు కనీసం 34 క్రెడిట్లు కావాలి. అంటే అన్నింటినీ విడివిడిగా లెక్కిస్తే మొత్తం 142 అవుతుంది. అందుచేత విద్యార్థి 22 క్రెడిట్లు అదనంగా చదవాలి, లేదా నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్ వంటి వాటిలో కొన్నింటిని రెండవ మేజర్ కింద కూడా లెక్కించాలి. రెండు మేజర్ల పద్ధతి ఆచరణలో సాధ్యమా కాదా అన్నది ఇలా ఉమ్మడి లెక్కింపు నియమంతో ముడిపడి ఉన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యాసంవత్సరంలో మూడు విషయాల పద్ధతి స్థానంలో ఒక మేజర్, దానికి తోడు మైనర్ ఉండే పద్ధతి ప్రవేశపెట్టబడినది.

ఇంజనీరింగు విద్యలో

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యక్రమం బి.టెక్. డిగ్రీని 160 క్రెడిట్లుగా నిర్ణయించినది. ఆనర్స్ లేదా మైనర్ కావలసిన విద్యార్థి దీనికి మించి సుమారు 20 క్రెడిట్లు అదనంగా సంపాదించాలి. ఉదాహరణకు సివిల్ ఇంజనీరింగు విద్యార్థి కంప్యూటర్ సైన్సు మైనర్ చేయదలిస్తే ఆ మైనర్ కోర్సులు 160 లోపల కలవవు. అంటే ఇక్కడ ఉమ్మడి లెక్కింపుకు చోటు లేదు. అమెరికా పద్ధతిలో మైనర్ డిగ్రీ క్రెడిట్ల లోపలే ఇమడవచ్చు. ఇక్కడ అది డిగ్రీ పైన అదనపు చదువు. ఒకే మాట రెండు దేశాలలో రెండు రకాల శ్రమను సూచిస్తుందని గమనించాలి.

దీనికి భిన్నమైన ఏర్పాటు బిట్స్ పిలానీలో ఉన్నది. 2008లో ప్రారంభమైన హైదరాబాదు ప్రాంగణంలో కూడా ఇది అమలులో ఉన్నది. ఎం.ఎస్.సి.లో చేరిన విద్యార్థికి మొదటి సంవత్సరం చివర బి.ఇ. శాఖ కూడా కేటాయించబడుతుంది. రెండు డిగ్రీలూ ఐదు సంవత్సరాలలో పూర్తవుతాయి. విడివిడిగా చదివితే రెండింటికీ ఎనిమిది సంవత్సరాలు పట్టే చదువు ఇలా కుదించబడటానికి, రెండు డిగ్రీలకూ సమానమైన గణితం, విజ్ఞానశాస్త్రం, మానవీయశాస్త్రాల వంటి కోర్సులను ఒక్కసారే చదవటం ముఖ్య కారణం.

క్రెడిట్ల బ్యాంకు

యు.జి.సి. 2021లో విద్యా క్రెడిట్ల బ్యాంకు నిబంధనలను ప్రకటించినది. వేర్వేరు సంస్థలలో సంపాదించిన క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమ అవుతాయి. ఒక డిగ్రీ, డిప్లొమా లేదా సర్టిఫికెట్ కోసం వాటిని వినియోగించిన తరువాత అవి ఖాతా నుండి శాశ్వతంగా తగ్గించబడతాయి. బ్యాంకులో ఒకసారి ఖర్చు చేసిన రూపాయిని మళ్ళీ ఖర్చు చేయలేనట్లే, ఒక పట్టాకు వాడిన క్రెడిట్‌ను మరొక పట్టాకు వాడలేరు. ఒకే డిగ్రీ లోపల ఒక కోర్సు రెండు ఆవశ్యకతలను తీర్చటం దీనికి విరుద్ధం కాదు. అక్కడ క్రెడిట్ ఒకసారే ఖర్చవుతుంది. అలాగే 2022లో యు.జి.సి. ఒకేసారి రెండు పూర్తికాల కార్యక్రమాలు చదవటానికి అనుమతి ఇచ్చినది. అది కూడా రెండు వేర్వేరు పట్టాలకు సంబంధించినది. ఉమ్మడి లెక్కింపుతో దానిని కలిపి చూడరాదు.

కాలం, ఖర్చు

అమెరికాలో ఫీజు సాధారణంగా క్రెడిట్ల ప్రకారం లేదా సెమిస్టరు ప్రకారం వసూలు చేస్తారు. ఉమ్మడి లెక్కింపు తగ్గినకొద్దీ సెమిస్టర్లు పెరిగే అవకాశం ఉన్నది. టెక్సస్ రాష్ట్రంలో 2006 శరత్కాలం నుండి చేరిన విద్యార్థులు డిగ్రీకి అవసరమైన దానికంటె 30 క్రెడిట్ గంటలకు మించి చదివితే, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆ అదనపు గంటలకు ఎక్కువ ఫీజు వసూలు చేయవచ్చు. పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు 2012 నుండి పూర్తికాలపు 12 సెమిస్టర్లకు సమానమైన కాలానికి పరిమితమైనది. ఫెడరల్ ఆర్థిక సహాయానికి విద్యార్థి చేరిన కార్యక్రమానికి చెందిన కోర్సులనే లెక్కలోకి తీసుకుంటారు. అందువలన ఒక కోర్సు ఏ ఆవశ్యకత కింద నమోదైనది అన్నది కాగితం లెక్కే అయినా, దాని ఫలితం కుటుంబం చెల్లించే డబ్బుపై పడుతుంది.

రెండు మేజర్ల వలన ఆదాయంలో కలిగే ప్రయోజనాన్ని ఆలిసన్ డెల్ రోసి, జోనీ హెర్ష్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో పరిశీలించారు. 2003 నాటి అమెరికా పట్టభద్రుల సర్వే ఆధారంగా, పై చదువులు చదవని పట్టభద్రులలో రెండు మేజర్లు ఉన్నవారి సంపాదన ఒక మేజర్ ఉన్నవారి కంటె సగటున 2.3 శాతం ఎక్కువ అని తేల్చారు. ఒక అదనపు సెమిస్టరు ఖర్చుతో పోల్చి చూసినప్పుడు ఇది పెద్ద మొత్తం కాదు. అదనపు సమయం పట్టకుండా రెండవ మేజర్ పూర్తయితేనే ఆర్థికంగా లాభం స్పష్టంగా ఉంటుంది. ఆ వీలు కలిగించేది ఉమ్మడి లెక్కింపు.

వాదోపవాదాలు

ఉమ్మడి లెక్కింపును సమర్థించేవారు ప్రధానంగా చెప్పేది, తెలిసిన విషయాన్ని మళ్ళీ నిరూపించమనటం అనవసరమని. ప్రాబబిలిటీ నేర్చుకున్న విద్యార్థికి అది గణితంలోనూ ఆర్థికశాస్త్రంలోనూ ఒకే విధంగా ఉపయోగపడుతుంది. జీవరసాయనశాస్త్రం, గణక భాషాశాస్త్రం వంటివి రెండు శాస్త్రాల సరిహద్దులో పుట్టినవే. అటువంటి చోట కోర్సులను గిరిగీసి వేరుచేయటం విద్యా స్వభావానికి విరుద్ధం. పని చేసుకుంటూ చదివేవారికి, రుణాలపై చదివేవారికి రెండవ విషయం అందుబాటులోకి రావాలన్నా ఉమ్మడి లెక్కింపు అవసరం.

వ్యతిరేకించేవారి ఆందోళన పట్టా విలువ గురించి. ఎక్కువ కోర్సులు కలిసిపోయే రెండు దగ్గరి విషయాలను తీసుకొని, రెండు మూడు కోర్సులు అదనంగా చదివి రెండు మేజర్లు పొందితే, నిజంగా రెండు దూరపు విషయాలను చదివిన విద్యార్థితో అతడు కాగితంపై సమానుడవుతాడు. మార్కుల పత్రం చూసే యజమానికి ఈ తేడా తెలియదు. పరిమితి లేకపోతే విద్యార్థులు నేర్చుకోవటం కంటె పట్టాల సంఖ్య పెంచుకోవటంపై దృష్టి పెడతారన్నది మరొక వాదం. మైనర్ విషయంలో ఈ వాదం మరింత బలంగా ఉంటుంది. ఆరు కోర్సుల మైనర్‌లో నాలుగు మేజర్ నుండి వస్తే ఆ మైనర్‌కు మిగిలేది రెండు కోర్సులే.

ఈ రెండు వాదాలకు మధ్యేమార్గంగా చాలా విశ్వవిద్యాలయాలు పునాది కోర్సులను స్వేచ్ఛగా పంచుకోనిచ్చి, పై స్థాయి కోర్సులకు పరిమితి విధిస్తున్నాయి. పునాది ఉమ్మడిదైనా, లోతు మాత్రం దేనికి దానికి వేరుగా ఉండాలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం.

విద్యార్థులు గమనించవలసిన విషయాలు

• నియమం విశ్వవిద్యాలయానిదా, కళాశాలదా, శాఖదా అన్నది తెలుసుకోవాలి. మూడు స్థాయిలలోనూ వేర్వేరు నియమాలు ఉండవచ్చు.
• విద్యార్థి చేరిన సంవత్సరపు పాఠ్యక్రమ పుస్తకంలోని నియమాలే సాధారణంగా అతనికి వర్తిస్తాయి.
• పరిమితి కోర్సుల సంఖ్యలో ఉన్నదా, క్రెడిట్లలో ఉన్నదా, ముందస్తు కోర్సులకు వర్తిస్తుందా అన్నది విడివిడిగా చూడాలి.
• ఇతర కళాశాల నుండి బదిలీ అయిన క్రెడిట్లు డిగ్రీ మొత్తంలో కలిసినా, మేజర్ ఆవశ్యకతను తీర్చకపోవచ్చు.
• డిగ్రీ పురోగతిని చూపే కంప్యూటరు పత్రం ఒక కోర్సును రెండు చోట్ల చూపినంత మాత్రాన అది తుది నిర్ణయం కాదు. రెండు శాఖల సలహాదారుల ఆమోదం రాతపూర్వకంగా పొందటం మంచిది.
• చివరి సెమిస్టరు వరకు ఆగకుండా, రెండవ మేజర్ ప్రకటించే సమయంలోనే ఈ లెక్క తేల్చుకోవాలి. లోటు ముందుగా తెలిస్తే ఒక ఐచ్ఛిక కోర్సు స్థానంలో పూరించుకోవచ్చు. చివరలో తెలిస్తే మరొక సెమిస్టరు చదవవలసి రావచ్చు.

ఇవి కూడా చూడండి

• ఉన్నత విద్య
• విశ్వవిద్యాలయాల నిధుల సంఘం
• జాతీయ విద్యావిధానం 2020
• సెమిస్టరు పద్ధతి
• బాచిలర్ డిగ్రీ